నలుగురూ అన్న మాట

ప్రశ్న: మా వీధిలో ఉండే ఒకావిడ భర్త గల్ఫులో పనిచేస్తున్నారు. వారానికి రెండు మూడు రాత్రులు ఆవిడ ఇంటి ముందు ఆటో ఆగుతోందని నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారు. జీడిపిక్కలు ఒలిచే చోట నేనూ ఆ మాట ఒకరి చెవిన వేశాను. ఇంతమంది అన్నది అబద్ధమవుతుందా? ఆవిడనే అడిగేయమంటారా?
– ఒక సోదరి, పలాస

జవాబు: ఇంతమంది అన్నారు సరే, వారిలో ఆటోను కళ్లారా చూసినవారు ఎందరో ఒకసారి లెక్క వేయండి. పదిమంది నోట విన్న మాట కూడా వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే తరచు ఒకే ఇంటి అరుగు దగ్గర ఆగుతుంది. చూసిన సంగతికి చూసినవారే సాక్ష్యం చెప్పాలని 1872 నాటి సాక్ష్య చట్టమూ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమూ నియమం పెట్టింది ఊరికే కాదు. చూసినవారినైతే ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు ఎంత వెలుతురు ఉంది అని అడగవచ్చు. విని చెప్పినవారిని ఏమని అడుగుతాం?

1940లలో అమెరికాలో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బొమ్మలో ఉన్నదాన్ని ఒకరి నుంచి ఒకరికి వరుసగా చెప్పించి చూశారు. ఐదారు నోళ్లు మారేసరికి వివరాలలో దాదాపు 70 శాతం రాలిపోయాయి. అంతకన్నా ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది: బొమ్మలో తెల్లవాని చేతిలో ఉన్న మంగలి కత్తి, చెప్పగా చెప్పగా, పలుమార్లు నల్లజాతివాని చేతికి మారిపోయింది. వారెవరూ అబద్ధమాడాలని కూర్చోలేదు. వివరం జారిపోయిన చోట మనసులో ముందే ఉన్న అభిప్రాయం వచ్చి చేరింది. మీ వీధిలోనూ ఆటో వరకు నిజమే కావచ్చు. భర్త దూరాన ఉన్న స్త్రీ అనగానే మిగతా కథ ఎవరూ చూడకుండానే సిద్ధమైపోయింది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం దాపున ఉన్న మీకు నేను చెప్పాలా? డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. అటువంటి రోగిని ఇంటికి చేర్చే ఆటో కూడా చీకటి పడ్డాకే రావచ్చు. ఇదీ నా ఊహే సుమా, వీధిలో చెప్పకండి! ఒకే ఆటోకు రెండు కథలూ అతుకుతాయని చూపడానికే ఇది చెప్పాను.

ఆవిడను మాత్రం అడగవద్దు. అడిగితే, ఏ తప్పూ చేయకపోయినా సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిలో ఆవిడను నిలబెట్టినవారవుతారు. ఏం చెప్పినా దానికీ వీధిలో ఒక వ్యాఖ్యానం పుడుతుంది. పైగా, ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరం మీకేమిటో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎవరి చెవిన వేశారో ఆమె దగ్గరకు మళ్లీ వెళ్లి, "నేను చూడలేదమ్మా, ఎవరో అంటే విని చెప్పాను" అనండి. ఆమె ఇంకెవరికి చెప్పిందో అడిగి, వీలైతే అక్కడికీ వెళ్లండి.