ఒకరి కోడ్ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం)లో నెట్‌వర్క్ కార్డులను నడిపించే డ్రైవర్లంటే ఇష్టం. మెమరీ కేటాయింపు మార్చిన ఒక ప్యాచ్‌ను (కోడ్‌లో చేసిన మార్పును) రివ్యూ చేద్దామని కూర్చున్నాను గానీ, ఏం చూడాలో అర్థం కాలేదు. సొంతంగా రాయకుండా ఒకరిది చదివితే ఏమొస్తుందని నాన్న అంటున్నారు. ఇటు వెళ్లొచ్చా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: తప్పకుండా వెళ్లొచ్చు. డ్రైవర్ రాయాలన్నా ముందు చదవడం రావాలి. ఒక ఉదాహరణ చెబుతాను.

నెట్‌వర్క్ కార్డు తనకొచ్చిన ప్యాకెట్లను డీఎంఏ ద్వారా (ప్రాసెసర్ మోసుకెళ్లకుండానే) నేరుగా మెమరీలో పెడుతుంది. ఎక్కడ పెట్టాలో చెప్పే చిరునామాల వరుసే రింగ్. ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో ఎవరో ఆ రింగ్‌ను 256 నుంచి 4096కి పెంచారనుకోండి. డ్రైవర్ పాత రింగ్‌ను ముందే ఫ్రీ చేసి (దాని మెమరీ వదిలేసి), ఆ తర్వాత కొత్తదానికి మెమరీ అడిగితే? మీ ల్యాప్‌టాప్‌లో వందసార్లు నడిపినా ఏమీ కాదు. మెమరీ దొరకని రోజున మాత్రం పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. సర్వర్ ఎక్కడో డేటా సెంటర్లో ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి లాగిన్ అయింది ఆ కార్డు మీదుగానే! అందుకే కొత్తది చేతికొచ్చాకే పాతది వదలాలని రివ్యూలో పట్టుబడతారు. ఇంటెల్ ఈ-1000 డ్రైవర్‌లో రింగ్ సైజు మార్చే ఫంక్షన్ చదవండి, ఆ వరుస కనిపిస్తుంది.

ప్రతి లైను దగ్గరా ఒకటే అడగండి: ఈ బఫర్ (ప్యాకెట్ ఉండే మెమరీ ముక్క) ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? డ్రైవర్‌దా, కార్డుదా, ప్యాకెట్లను అప్లికేషన్లకు చేర్చే, పైనున్న నెట్‌వర్క్ స్టాక్‌దా? కార్డు చేతిలో ఉండగానే ఫ్రీ చేస్తే, అది వేరొకరి మెమరీలో రాసేస్తుంది. ప్రోబ్‌లో (కార్డు కనబడగానే డ్రైవర్ దాన్ని సిద్ధం చేసే ఫంక్షన్‌లో) నాలుగో కేటాయింపు ఫెయిలైతే ముందు తీసుకున్న మూడూ వెనక నుంచి వరసగా వదులుతున్నారా, బఫర్‌కు కార్డు వాడే చిరునామా ఇచ్చే డీఎంఏ మ్యాపింగ్ ఫలితాన్ని సరిచూశారా అన్నవి కూడా చూడండి. వచ్చిన ప్యాకెట్లను గుంపుగా అందుకునే న్యాపీ పోల్ ఫంక్షన్‌లో నిద్రపోవడానికి (ఆగి ఎదురుచూడటానికి) వీల్లేదు కాబట్టి, మెమరీ కోసం నిద్రపోనిచ్చే జీఎఫ్‌పీ కెర్నెల్ ఫ్లాగ్ అక్కడ కనిపిస్తే తప్పే.

సాధనకు కార్డు కొనక్కర్లేదు. కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే క్యూఈఎంయూలో ఈ-1000 దొరుకుతుంది. మెమరీ తప్పులు పట్టే కేఏశాన్, వదలకుండా మిగిలిన మెమరీని చూపే కేమెమ్‌లీక్ ఆన్ చేసి కెర్నెల్ కట్టుకోండి. ఫెయిల్‌స్లాబ్‌తో కేటాయింపులు కావాలని ఫెయిలయ్యేలా చేసి, డ్రైవర్ మాడ్యూల్‌ను పదేపదే ఎక్కించి దించండి. ఎవరూ నడవని ఎర్రర్ దారులు అప్పుడే బయటపడతాయి. ఒక్క మాట: పూర్తిగా అర్థం కాని ప్యాచ్‌కు 'రివ్యూడ్-బై' (నేను చూశాను, సరిగ్గా ఉందనే ముద్ర) ఇవ్వకండి, సందేహం రాసి అడగండి. తెలివైన ప్రశ్నకు కూడా కెర్నెల్ డెవలపర్ల దగ్గర విలువుంటుంది.

ఉద్యోగం సంగతి. క్వాల్‌కామ్, ఏఎండీ, మార్వెల్ వంటి సంస్థలకు హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. మొదటి ఉద్యోగమే డ్రైవర్ టీమ్‌లో రాకపోవచ్చు, టెస్టింగ్‌లో మొదలైనా వెనకాడకండి. ఇంటరప్టులు, డీఎంఏ తరగతిలో చదివిన ఈసీఈ వాళ్లకు ఇక్కడ నిజంగానే అనుకూలం.

ఇక నాన్నగారు. ఈ ఆదివారం ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం మీద రింగ్ గీసి, సర్వర్ ఎందుకు మూగబోయిందో చెప్పండి. ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు అదే.