నాయనమ్మ అడ్డపొగ తాగినా తొంభై ఏళ్ళు బతికిందిగా!

ప్రశ్న: సార్, 2018లో ఊళ్ళో మా ఇంటికి సర్వే వాళ్ళొచ్చి అమ్మ బీపీ చూశారు, చేత్తో ఏదో మెషిన్ గట్టిగా నొక్కమన్నారు, వేలు గుచ్చి కార్డు మీద రక్తం చుక్కలు కూడా తీసుకున్నారు. మందులేం ఇవ్వలేదు. మళ్ళీ వస్తామని నంబర్లు రాసుకెళ్ళారు. ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. వాళ్ళొస్తే పక్కింటి పెద్దమ్మని కూర్చోబెడితే సరిపోదా? అయినా ఇన్నేళ్ళు వెంటపడి తెలుసుకునేదేముంది, మా నాయనమ్మ అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగి తొంభై ఏళ్ళు బతికింది!
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది లాసీ సర్వే, అంటే వయసు మీదపడేవాళ్ళ ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి చూసే సర్వే అయ్యుంటుంది. ముంబైలోని ఐఐపీఎస్ అనే జనాభా పరిశోధన సంస్థ వాళ్ళు 2017-18లో 45 దాటినవాళ్ళని, వాళ్ళ భార్యాభర్తల్ని కలిపి దేశంలో 72 వేల మందికి పైగా కలిశారు. పెద్దమ్మ కుదరదమ్మా. అప్పుడు మీ అమ్మ చేతి పట్టు ఎంత, ఇప్పుడెంత అన్న తేడానే వాళ్ళకి కావాలి, అది ఇంకొకరి దగ్గర దొరకదు కదా. ఒక్కసారి కొలిచి వదిలేస్తే, 75 ఏళ్ళ వాళ్ళు 50 ఏళ్ళ వాళ్ళకంటే పొట్టిగా ఉన్నారనుకోండి, వయసుకి నడుం వంగి పొట్టి అయ్యారా లేక చిన్నప్పుడు తిండి సరిగా లేక అసలే ఎదగలేదా ఎలా చెప్తాం?

ఇక నాయనమ్మ గారు. (నాకొచ్చే ఉత్తరాల్లో ఇలాంటి తాతలూ నాయనమ్మలూ చాలామందే!) అడ్డపొగతో అంగిట్లో క్యాన్సరొచ్చి యాభైకే పోయినావిడ మీ అరుగు మీద కూర్చుని తన సంగతి చెప్పదు కదా. మిగిలినవాళ్ళని మాత్రమే చూస్తే ఏ అలవాటైనా మంచిదే అనిపిస్తుంది. అందుకే అందరూ బతికుండగానే పేర్లు రాసుకుని ఏళ్ళ తరబడి చూస్తూ పోవాలి. బోస్టన్ దగ్గర ఫ్రామింగ్‌హామ్ ఊళ్ళో 1948లో 5,209 మందితో ఇలాగే మొదలెట్టి రెండేళ్ళకోసారి పరీక్షలు చేస్తూ వచ్చారు. వయసుతో బీపీ పెరగడం మామూలేలే అని డాక్టర్లే అనుకునే రోజులవి, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెకి ముప్పని గట్టిగా తేల్చింది ఆ లెక్కలే. 1971లో వాళ్ళ పిల్లల్ని, 2002లో మనవల్ని కూడా చేర్చుకున్నారు.

మందుల మాట నిజమే, అది వైద్య శిబిరం కాదు, బీపీకి మీ డాక్టర్‌నే చూడండి. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, బలవంతమేం లేదు. ఓటీపీ అడిగేవాళ్ళని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. ఇష్టమైతే పెద్దమ్మకి మీ విశాఖ అడ్రస్ ఇచ్చి ఉంచండి. ఎందుకంటే ఓపికున్నవాళ్ళు ఇంటి దగ్గరే దొరికి, జబ్బు చేసి పిల్లల దగ్గరకెళ్ళినవాళ్ళు దొరక్కపోతే, మన పెద్దవాళ్ళంతా భేషుగ్గా ఉన్నారని రిపోర్టు వచ్చేస్తుంది.