తాగుడు మానమంటే వాక్యం చూపిస్తున్నారు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో తరతరాల లూథరన్ కుటుంబం. షుగర్ ఉన్నా మావారు రోజూ సాయంత్రం తాగుతున్నారు. మానమంటే, ప్రభువు కానా పెళ్లిలో నీళ్లను ద్రాక్షారసం చేయలేదా, పౌలు తిమోతిని పుచ్చుకోమనలేదా అంటూ బైబిలు తెరుస్తారు. షుగర్ పెట్టుకొని క్రిస్మస్ విందులో అతిగా తినే మా అన్నయ్యను ఎవరూ ఏమీ అనరేమంటారు. పాస్టరుగారికి చెబితే పరువు పోతుందని భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆయన చూపించే వాక్యాలు బైబిల్లో ఉన్నవే గనుక వాటిపై వాదన పెట్టుకోకండి. అయితే తిమోతికి పౌలు ఆ మాట రాసింది అతని కడుపు జబ్బు కోసం, తరచూ వచ్చే బలహీనతల కోసం. మద్యంతో మత్తులై ఉండవద్దని ఎఫెసీయులను హెచ్చరించిందీ ఆయనే. ఒకరి ఒంటికి మేలు కోరి చెప్పిన మాటను, తన ఒంటికి కీడు చేసే అలవాటుకు అండగా పెట్టుకోవడం న్యాయం కాదు.

మీ అన్నయ్యగారి విషయంలో మాత్రం మీవారి మాట నిజం, అది మీరు ఒప్పుకోవాలి. సామెతల గ్రంథం 23వ అధ్యాయం తాగుబోతులనూ తిండిపోతులనూ పక్కపక్కనే నిలబెట్టి ఇద్దరికీ దరిద్రమే వస్తుందంటుంది. మన సంఘాల్లో తాగినవాడిని వేలెత్తి చూపుతూనే, షుగర్ ఉన్నవాడికి బలవంతంగా మరో గరిటె బిర్యానీ వడ్డించి దాన్ని మర్యాద అనుకోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. గలతీయులకు పౌలు రాసిన లేఖ చెప్పిన ఆశానిగ్రహం, అంటే కోరికను అదుపులో పెట్టుకోవడం, విస్తరి దగ్గరా ఉండవలసిందే. మీరు ఆ మాట ఒప్పుకుంటే, తనొక్కడినే దోషిగా నిలబెడుతున్నారన్న ఆయన కోపం కొంతైనా తగ్గుతుంది.

ఆ తర్వాత, ఆయన తాగి లేని ఉదయం పూట, దేనికీ లోబడనని కొరింథీయులకు పౌలు రాసిన మాటను ముందుంచి, ఒక్క సాయంత్రం మానితే చిరాకు పడుతున్నారా, అనుకున్న కొలత దగ్గర ఆగగలుగుతున్నారా, అన్నం తినకుండానే పడుకుంటున్నారా అని నెమ్మదిగా అడగండి. ఈ చివరిది చాలా ప్రమాదం: ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవారు తాగి, తినకుండా నిద్రపోతే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు, చెమటలు, తూలడం, మాట తడబడడం చూసి ఇంట్లోవారు మత్తే అనుకుంటారు. అలాంటప్పుడు వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రార్థన కూటంలో నిలబెట్టి తీర్మానం చేయించి, ఒక్కరోజులో మాన్పించాలని మాత్రం చూడకండి. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పడం జరగవచ్చు గనుక, మాన్పించే పని డాక్టరు పర్యవేక్షణలోనే మొదలుకావాలి. మానసిక వైద్యుల సలహా కోసం టెలి మానస్ నంబరు 14416కు చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పాస్టరుగారు విన్నది తన దగ్గరే ఉంచుకొనే మనిషైతే, మీవారికి ముందుగా తెలియజేసే వెళ్లండి. చాటుగా చెప్పి, అది ఆదివారం ప్రసంగంలో తేలితే ఆయన మళ్లీ గుడి గడప తొక్కకపోవచ్చు. తాగి చెయ్యి చేసుకుంటున్నా, పిల్లలు భయపడుతున్నా పరువు కోసం ఆగకండి. మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి, పిల్లలతో పుట్టింటికైనా వెళ్లండి.