రెండుసార్లే కొట్టాడు, మిగతావన్నీ మాటలే. ఇది గృహహింసేనా?

నాలుగేళ్లలో మీ ఆయన రెండుసార్లే చెయ్యి చేసుకున్నాడని, మిగతాదంతా మాటలేనని రాశారు. అయినా ఆయన ఇంటికొచ్చే వేళకి కడుపులో తిప్పుతోందని, చిన్న చిన్న పనులు కూడా మర్చిపోతున్నానని అన్నారు. ఇది గృహహింసే. అలాంటి కాపురం నుంచి బయటికొచ్చినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఒకసారి చెయ్యి లేచాక రోజూ కొట్టాల్సిన పని ఉండదు. మా ఆయన కంచం కాస్త గట్టిగా పెట్టినా చాలు, నేనేం తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని. అమ్మతో ఫోన్ స్పీకర్‌లో పెట్టే మాట్లాడాలి. కూరగాయల లెక్క చీటీ మీద రాసి చూపించాలి. పది రూపాయలు తేడా వస్తే "మీ పుట్టింటికి పంపావా?" అని అర్ధరాత్రి దాకా అదే ప్రశ్న. తెల్లారాక అడిగితే "నేనెప్పుడన్నాను? నీకు మతి పోతోంది" అనేవాడు. వినగా వినగా నాకే ఏదో అయిందని నమ్మేశాను. కూడిన చీటీనే మళ్లీ మళ్లీ కూడేదాన్ని.

మీ మతిమరుపు కూడా అలాంటిదే కావచ్చు. మనసు ఎప్పుడూ భయంతో కాపలా కాస్తుంటే నిద్ర పట్టదు, విన్నది బుర్రలో నిలవదు. తలనొప్పికీ, గ్యాస్‌కీ నేను చాలా మందులు వాడాను. చివరికి ఒక కౌన్సెలర్ "పెళ్లయ్యాక ఏమేం మానేశారు?" అని అడిగింది. పాడటం, చెల్లెలింటికి వెళ్లడం, నచ్చిన రంగు చీర కట్టడం, పక్కింటివాళ్లతో నవ్వుతూ మాట్లాడటం... చెబుతుంటే ఏడుపు ఆగలేదు. దెబ్బలు ఎప్పుడో మానాయి. ఇవన్నీ మళ్లీ మొదలుపెట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

"తాగడు, తిరగడు, ఒక్క దెబ్బకే అంత రాద్ధాంతమా?" అని పెద్దలు అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2005 గృహహింస చట్టం సెక్షన్ 3లో కొట్టడంతో పాటు అవమానించడం, ఎగతాళి చేయడం, పిల్లలు పుట్టలేదని గానీ మగపిల్లాడు లేడని గానీ దెప్పడం, ఖర్చులకి డబ్బివ్వకుండా ఇబ్బంది పెట్టడం కూడా హింసేనని ఉంది. విడాకులు అడగకుండానే ఈ చట్టం కింద రక్షణ కోరవచ్చు. ఇల్లు మీ పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు మీకుంది. ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఈ చట్టం కింద బాధితులకి సాయం చేసే అధికారి) ద్వారా గానీ నేరుగా గానీ మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది గానీ, ఎక్కువ కాలమే పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఆయనేమన్నాడో, ఎప్పుడన్నాడో రాసి పెట్టుకోండి. ఆయన చూసే ఫోన్‌లో వద్దు, నమ్మకమైనవాళ్ల దగ్గర దాచండి. కోపంలో "వెళ్లిపోతాను, కేసు పెడతాను" అని మాత్రం ముందే అనకండి. భార్య చెయ్యి దాటిపోతోందని తెలిసినప్పుడే ఇలాంటివాళ్లు మరింత ప్రమాదకరంగా మారతారు. ప్రాణభయం ఉంటే ఆలోచించకుండా 112కి చెయ్యండి.

ఇప్పుడే తేల్చుకోలేకపోతే ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మాట్లాడండి. హింసకి గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్, న్యాయ సహాయం, అవసరమైతే కొద్దిరోజులు ఉండటానికి చోటు కూడా దొరుకుతాయి. ఫోన్ చేసినంత మాత్రాన కేసు పెట్టాలని ఏమీ లేదు. మీ ఫోన్‌లో నంబర్ కనబడుతుందని భయమైతే పక్కింటివాళ్ల ఫోన్ నుంచైనా చెయ్యండి.