డిగ్రీ మాన్పించే ముందు చేతికి టేపు ఇచ్చి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, కామర్స్. ఎప్పుడు చూసినా ఫోన్లో ఇళ్ల ఫొటోలే. ఇది స్కాండినేవియన్, ఇది ఆర్ట్ డెకో అంటూ స్టైళ్ల పేర్లు గడగడా చెప్పేస్తుంది. ఇంట్లో సోఫా ఒకచోట పది రోజులు ఉండదు. ఇప్పుడేమో డిగ్రీ మానేసి ఇంటీరియర్ డిజైన్‌లో చేరతానని పట్టుబట్టింది. బొమ్మలు అంత బాగా వేయదు, లెక్కలంటే భయం. ఇది మూన్నాళ్ల సరదానా, నిజంగా పనికొచ్చే ఇష్టమా? నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, డిగ్రీ ఇప్పుడే మాన్పించకండి, అలాగని ఇదేం చదువని కొట్టిపారేయకండి కూడా. మీరు రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది ఆ సోఫా సంగతే. ఫొటోలు చూసి లైక్ కొట్టేవాళ్లకు కొదవలేదు, బరువైన సోఫాను ఈడ్చి, రెండు రోజులు చూసి, ఊహూ ఇక్కడ కుదర్లేదని మళ్లీ ఈడ్చేవాళ్లు తక్కువ. అయితే అలా జరిపేటప్పుడు తను ఏం చూస్తోందో కాస్త గమనించండి. చూడ్డానికి బాగుందా అన్నదేనా, లేక ఆ పక్కనుంచి నడిచేవాళ్ల మోకాలికి తగులుతోందా, కిటికీ వెలుతురు టీవీ మీద పడుతోందా, తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా అని కూడా చూస్తోందా? ఈ రెండో రకం ప్రశ్నలు తనంతట తనకే వస్తుంటే ఈ వృత్తికి కావలసిన చూపు ఉన్నట్టే.

స్టైళ్ల పేర్ల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. వారం కూర్చుంటే ఎవరికైనా వస్తాయి. ఆ స్టైల్ అలా ఎందుకు తయారైందో చెప్పగలగడం వేరు. స్కాండినేవియన్ అంటే తెల్లగోడలు, లేతరంగు చెక్క అని అందరూ చెప్తారు, కానీ నార్వే, స్వీడన్ లాంటి ఆ ఉత్తరాది దేశాల్లో చలికాలం ఎంత పొడుగో, అప్పుడు పగటి వెలుతురు ఎంత తక్కువో తలుచుకుంటే ఆ తెలుపు ఎందుకో అర్థమవుతుంది, లోపలికొచ్చిన కాస్త వెలుతురునూ గదంతా పరవడానికి. అలాంటిది ఏడాది పొడుగునా ఎండ మండిపోయే ఇంట్లో దాన్నే కాపీ కొడితే కళ్లు జిగేల్మంటాయి తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది అమ్మాయికి చదివి వినిపించండి. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా కట్టే ఇళ్ల కోసం ఒక వంటగది డిజైన్ చేసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంతే. రైళ్లలో భోజనాలు పెట్టే బోగీల (డైనింగ్ కార్ల) వంటగదులు ఆమెకు ఒక నమూనా. అంత ఇరుకు చోటులో వంట ఎలా సాగుతుందని చూసి, వంటచేసే మనిషి ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కగట్టి, సింకు, పొయ్యి, అరలు దాన్నిబట్టి అమర్చింది. ఈరోజు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి పూర్వీకుల్లో ఇదొకటి. ఇందులో ముందు నడక వచ్చింది, రంగులూ అందాలూ ఆ తర్వాతే. మీ అమ్మాయికి ఈ కథ బోర్ కొడితే అదీ ఒక సమాచారమే.

ఇప్పుడు పరీక్ష. ఖర్చేమీ లేదు, ఒక టేపు, పెన్సిల్, గళ్ల కాగితం చాలు. తన గదిని తనే కొలిచి 1:50 స్కేలులో ప్లాను గీయమనండి, అంటే గదిలో మీటరు కాగితం మీద 2 సెంటీమీటర్లు. వినడానికి తేలికే, చేస్తే తెలుస్తుంది. గోడ పొడవు కింద ఒకటి, నడుం ఎత్తులో ఇంకొకటి రావచ్చు, ఎందుకంటే ప్లాస్టరింగ్ ఎక్కడా అద్దంలా ఉండదు. మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా కొలిస్తే ఆ రెండూ సమానంగా రాకపోతే గది మూలలు సరిగ్గా లంబకోణంలో లేవని అర్థం, అలాంటి మూలలో బీరువాను కొలత ప్రకారం చేయించినా ఒక పక్క సందు మిగులుతుంది. తలుపు ఎటు తెరుచుకుంటోంది, కిటికీ అడుగుభాగం నేలనుంచి ఎంత ఎత్తు, స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయి, పైన బీమ్ ఎంత కిందికి దిగింది, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. ఆ తర్వాత మంచం, బల్ల, బీరువా అదే స్కేలులో కాగితం ముక్కలుగా కత్తిరించి ప్లాను మీద జరపమనండి. హ్యాంగర్లకు బట్టలు తగిలించే బీరువా లోతు దాదాపు 60 సెంటీమీటర్లు ఉండాలి, మనిషి ఇబ్బంది లేకుండా నడవడానికి 90 సెంటీమీటర్లు వదిలితే మంచిది. ఈ రెండు కొలతలతోనే సగం ఊహలు కూలిపోతాయి. అప్పుడు విసుగొచ్చి ఫోన్ పట్టుకుంటుందా, లేక ఇంకోలా పెట్టి చూస్తుందా? అక్కడ చూడండి.

తన గది అయ్యాక, ఇంకొకరి గది. ఇది మరీ ముఖ్యం. తన అభిరుచికి అసలు సరిపడని మనిషిని ఎంచుకోమనండి, స్నేహితురాలి తమ్ముడో, వస్తువు ఒక్కటీ పారెయ్యని పెద్దమ్మో. ముదురు రంగు కర్టెన్లు కావాలన్నవాళ్లకు తెల్లవి అంటగట్టకుండా, వాళ్లకు నచ్చిన రంగుతోనే గదిని ఎలా తేలికపరచాలో ఆలోచించాలి. బట్టలన్నీ కుర్చీ మీద పడేసే కుర్రాడికి బీరువా ఇచ్చి లాభం లేదు, తలుపు పక్కన నాలుగు కొక్కేలు కావాలి. నా ఇల్లు నాకిష్టమొచ్చినట్టు సర్దుకోవడం సరదా, వేరేవాళ్ల ఇల్లు వాళ్లకు నచ్చేలా సర్దిపెట్టడం ఉద్యోగం. మొదటిదే ఇష్టమైతే అదీ మంచిదే, అలా సరదాగానే ఉంచుకోమనండి, ప్రతి ఇష్టాన్నీ జీతంగా మార్చుకోనక్కర్లేదు.

లెక్కల భయం గురించి కంగారొద్దు. ఇక్కడ రోజూ కావలసింది కూడికలు, గుణకారాలు, వైశాల్యం, శాతాలు. నిజానికి కామర్స్ చదివిన పిల్లకి ఒక మేలుంది, ఎస్టిమేట్ వేయడం, బిల్లులు చూసుకోవడం, డబ్బు ఎప్పుడు వస్తుంది ఎప్పుడు పోతుంది అన్న స్పృహ. మంచి డిజైనర్లు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బొమ్మల సంగతంటారా, ఆటోక్యాడ్, స్కెచప్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ పని చేసిపెడతాయి, చేత్తో గబగబా అర్థమయ్యేలా గీయగలిగితే చాలు, అది సాధనతో వస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పేయండి. ఫొటోల్లో కనిపించేది ఆఖరి రోజు. దానికి ముందు నెలలకొద్దీ దుమ్ము, ఫోన్లు, రెండో బ్యాచ్‌లో రంగు మారిన టైల్స్, సెంటీమీటరు తక్కువ కోసిన ప్లైవుడ్, అంతా అయ్యాక ఇది కాదు వేరేది అనే క్లయింట్. కార్పెంటర్‌తోనూ ఎలక్ట్రీషియన్‌తోనూ గొడవ పడకుండా పని చేయించుకోవడం ఈ వృత్తిలో సగం. వీలైతే ఏదైనా సైట్‌లో కొన్నాళ్లు ఊరికే వెంట తిరగనివ్వండి. అప్పటికీ ఉత్సాహం తగ్గకపోతే కోర్సు గురించి మాట్లాడదాం.

కోర్సు చూసేటప్పుడు బ్రోషర్‌లో మెరిసే బొమ్మలు చూసి మోసపోకండి. చివరి సంవత్సరం పిల్లలు గీసిన వర్కింగ్ డ్రాయింగులు, అంటే పనివాళ్లకు కొలతలతో సహా ఇచ్చే బొమ్మలు, చూపించమనండి, కార్పెంటర్ వాటిని చూసి పని మొదలుపెట్టగలడా అన్నదే కొలమానం. మెటీరియల్స్, లైటింగ్, కరెంటు, నీటి పైపుల గురించి చెప్పకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్పేదైతే అది సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్, డిజైన్ చదువు కాదు. గోడలు కూల్చడం, కట్టడం మీద ఆశ ఉంటే మాత్రం ఆర్కిటెక్చర్ వేరే దారి, చదువు ఎక్కువ కాలం, చాలా దేశాల్లో ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలంటే చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. భారం మోసే గోడ ఏదో తెలియకుండా ఎవరూ సుత్తి ఎత్తకూడదు. ఇవి కాక లైటింగ్ డిజైన్, కిచెన్ ప్లానింగ్, ఫర్నిచర్, నాటకాలకూ సినిమాలకూ సెట్లు వేయడం, షోరూముల్లో వస్తువుల అమరిక లాంటివీ ఉన్నాయి, అన్నీ ఈ ఇష్టం చుట్టూ తిరిగేవే.

కాబట్టి డిగ్రీ సాగనివ్వండి, సాయంత్రాలూ సెలవులూ ఈ పనికి ఇవ్వండి. రెండు గదుల ప్లాన్లు పూర్తయ్యాక ఫొటో తీసి నాకు పంపమనండి. నీటుగా లేకపోయినా ఫర్వాలేదు, కొలతలు మాత్రం రాసి ఉండాలి. కొట్టివేతలుంటే చెరపొద్దనండి, అవీ నేను చూడాలి.