నొప్పి మాత్రలు తగ్గించినా అమెరికాలో ఓపియాయిడ్ మరణాలు ఎందుకు పెరిగాయి?

ఓపియాయిడ్లంటే నల్లమందు తరహా మందులు; నొప్పి తగ్గిస్తాయి, వ్యసనమూ కలిగిస్తాయి. ఆ మాత్రల్ని కట్టడి చేశారు గానీ, అప్పటికే వాటికి అలవాటుపడినవాళ్లను గాలికి వదిలేశారు. నా దృష్టిలో అసలు నైతిక తప్పు అదే.

1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్ర వచ్చినప్పుడు వ్యసనం భయం తక్కువని పర్‌డ్యూ కంపెనీ ప్రచారం చేసింది. ఆ విషయంలో 2007లో నేరం ఒప్పుకుంది. 2012 తర్వాత డాక్టర్లు ఈ మందులు రాయడం తగ్గింది. 2016లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, మోతాదును రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్ అనే నొప్పి మందుకు సమానమైన స్థాయికి పెంచవద్దని, తప్పనిసరైతే గట్టి కారణం ఉండాలని చెప్పింది. అది సలహా మాత్రమే. కానీ చాలాచోట్ల దాన్ని రూల్‌లా అమలు చేసి, ఏళ్లుగా మందు వాడుతున్నవాళ్లకు ఒక్కసారిగా ఆపేశారు. అలా ఆపితే తీవ్రమైన బాధలు, ఆత్మహత్యలు జరుగుతున్నాయని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ తన సలహాలను సడలించింది. ఈలోగా మాత్రలు దొరకనివాళ్లకు వీధుల్లో హెరాయిన్, ఆపై అంతకంటే ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటనిల్ అనే కృత్రిమ ఓపియాయిడ్ దొరికాయి. 2021లో డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాలు లక్ష దాటాయి, వాటిలో ఎక్కువ భాగం ఫెంటనిల్ లాంటి వాటివల్లే.

నన్ను బాగా కలచివేసేది ఇంకొకటుంది. నొప్పికి ఓపియాయిడ్ రాయడానికి డాక్టర్‌కు మామూలు రిజిస్ట్రేషన్ చాలు. వ్యసనానికి చికిత్సగా బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే మాత్రం ప్రత్యేక అనుమతి కావాల్సి ఉండేది! ఈ అడ్డు 2022 డిసెంబరు చివర్లో గానీ తొలగలేదు. ఓపియాయిడ్ ఓవర్‌డోస్ అయినవాళ్ల ప్రాణం నిలిపే నాలోక్సోన్ స్ప్రేను ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి 2023లో అనుమతించారు.

మన దేశంలో సమస్య తలకిందులు. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం లైసెన్సుల చిక్కుల వల్ల క్యాన్సర్ రోగులకు మార్ఫిన్ దొరకడమే గగనమైంది. ఆ చిక్కులు తగ్గించడానికి 2014లో ఆ చట్టాన్ని సవరించారు.