నలుపు చూశాకే బొమ్మ చూడండి

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. గోపాలపూర్‌లో ఒక దొర బంగళా సామాను వేలం వేస్తుంటే మా తాతగారు రెండు కుర్చీలతో పాటు ఒక పటం కూడా కొన్నారట. ఇప్పుడది బరంపురంలో మా హాల్లో ఉంది. నలుపు, బూడిద రంగు తప్ప వేరే రంగు లేదు. ఖరీదైన బట్టలు వేసుకున్న దొరసాని దగ్గరికి రమ్మంటుంటే, చంటిపాప రానని దాదిని కరుచుకుని ఉంటుంది. కింద ఒక పక్క మోర్లాండ్ అని, ఇంకో పక్క వార్డ్ అని ఉంది. ఫైలిన్ తుఫాను వచ్చిన ఏడాది గోడ తడిసి ఒక మూల గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. పటాలు కట్టే అబ్బాయి ఇది మామూలు ప్రింటే, మచ్చలు తుడిచి కొత్త ఫ్రేములో పెడతానంటున్నాడు. మా ఆయనేమో అమ్మేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ముందు ఆ అబ్బాయి చేతికి పటం ఇవ్వకండమ్మా. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మీరు చెప్పినదాన్ని బట్టి అది జార్జ్ మోర్లాండ్ గీసిన బొమ్మకు విలియం వార్డ్ 1788లో చేసిన మెజోటింట్, అంటే రాగి రేకు మీద చెక్కి తీసిన అచ్చు, అయి ఉండాలి, లేదా దానికి తర్వాతెప్పుడో తీసిన నకలు. పాపను దాది ఇంట్లో పెంచడానికి ఇచ్చిన తల్లి చూడ్డానికి వస్తే, పాప ఆమెను గుర్తుపట్టదు. అంతే కథ. లండన్‌లో అప్పట్లో ఇలాంటి కళ్ళు చెమర్చే ఇంటి బొమ్మలకు మంచి గిరాకీ. గీసినవాడూ చెక్కినవాడూ మరీ పరాయివాళ్ళేం కాదు. 1786లో మోర్లాండ్ వార్డ్ చెల్లెల్ని చేసుకుంటే, వార్డ్ మోర్లాండ్ చెల్లెల్ని చేసుకున్నాడు, మన కుండమార్పిడి పెళ్ళే! బొమ్మలు అంతంత అమ్ముడుపోయినా మోర్లాండ్ మాత్రం తాగుడులో, అప్పుల్లో మునిగి 1804లో, నలభై ఒకటో ఏట పోయాడు.

ఇక మీది అసలుదో కాదో తేలాలంటే పాపను, దొరసానిని కాసేపు మరిచిపోయి నలుపును చూడండి. మెజోటింట్ చేసేవాళ్ళు రాగి రేకు మీద పళ్ళున్న అర్ధచంద్రాకారపు ఉలిని ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ, తిరగలి రాయికి గంట్లు కొట్టినట్టు రేకంతా గరుకు చేస్తారు, అప్పుడు సిరా పూసి అచ్చు తీస్తే కాగితమంతా కాటుక నలుపే. తర్వాత ఎక్కడ వెలుతురు కావాలో అక్కడ గీకి నున్నగా చేస్తారు. ఎంత నునుపైతే అంత తెలుపు. 1642లో లుడ్విగ్ ఫాన్ సీగన్ అనే జర్మన్ మొదలుపెట్టిన పని ఇది, కానీ ఇంగ్లండ్‌లో ఎంతగా పెరిగిందంటే ఫ్రెంచివాళ్ళు దాన్ని ఇంగ్లీషు పద్ధతి అనేవారు.

పదింతలు చూపించే భూతద్దం ఒకటి కొనుక్కుని దొరసాని గౌను మడతల్లోకి చూడండి. లెక్కగా వరసలు కట్టిన చుక్కలు కనిపిస్తే అది ఫోటో తీసి పుస్తకాల్లో వేసే అచ్చు, దాంతో మీ టెన్షన్ తీరిపోయినట్టే. చుక్కలు లేకుండా నలుపు మఖమలులా ఉండి, తెల్లబడే చోట సన్నటి గరుకు జాడ అడ్డదిడ్డంగా మిగిలి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. ఫోటోగ్రేవ్యూర్ అని, ఫోటోను రాగి రేకు మీదికి ఎక్కించి అచ్చు తీసే పద్ధతి 1879 నుంచి వచ్చినది ఒకటుంది, దాని చుక్క కూడా చిందరవందరగానే ఉంటుంది కాబట్టి అదే మనల్ని ఎక్కువగా మోసం చేస్తుంది, నేనూ రెండుసార్లు మోసపోయాను. నలుపు వెలసి బూడిదలా ఉంటే రేకు అరిగాక తీసిన అచ్చు అనుకోండి, ఎందుకంటే రాగి మీద గరుకు త్వరగా చచ్చిపోతుంది, మొదటి ఒకటి రెండు వందల కాపీల్లోనే ఆ నిండుదనం ఉంటుంది. 1820ల్లో ఉక్కు రేకులు వచ్చాక కాపీలు పెరిగాయి కానీ ఆ మెత్తదనం కొంచెం పోయింది, కనీసం నా కంటికి.

బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న పల్లం ఉందా, కింద ఫలానా తేదీన చట్టం ప్రకారం ప్రచురించాం అనే ఇంగ్లీషు వరస ఉందా కూడా చూడండి. చెక్కేవాళ్ళ హక్కుల కోసం 1735 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం పుణ్యమే ఆ వరస. అందుకే అంచు కోయనివ్వొద్దంటున్నాను. పాతికేళ్ళ కిందట నేనొక పటం కట్టడానికి ఇస్తే, ఫ్రేముకు పట్టలేదని ఆ షాపతను నాలుగు పక్కలా కత్తెర వేశాడు. పేర్లు, తేదీ, రేకు గుర్తు, అన్నీ చెత్తబుట్టలోకి! పైగా “నీటుగా ఉంది కదా సార్” అన్నాడు. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరిదో చెప్పలేను.

మచ్చల సంగతి. తడిగుడ్డ, రబ్బరు, బ్రెడ్డు ముక్క, ఏదీ వద్దు. మెజోటింట్ సిరా కాగితం పైనే నిలబడి ఉంటుంది, వేలు రాస్తే చాలు, ఆ చోట మెరుపు తేలి గీత పడుతుంది. వెనక చెక్క ఉంటే అదే అసలు శత్రువు, దాని ఆమ్లం ఎక్కి చెక్క గీతలే కాగితం మీద గోధుమ చారలుగా పడతాయి. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు, సెల్లోటేపు కూడా వద్దు. పాత కళావస్తువులను, కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ అనే సంస్థ వారి సంరక్షణ కేంద్రం భువనేశ్వర్‌లో ఉంది, మచ్చల పని వాళ్ళకు చూపించండి. అప్పటిదాకా సముద్రపు గాలి తగిలే బయటి గోడ మీంచి తీసి లోపలి గోడకు పెట్టండి, ఫ్రేము నాలుగు మూలలా వెనక బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

అమ్మడం మీ ఇష్టం. మోర్లాండ్ బొమ్మల మోజు వందేళ్ళ కిందటి మాట, ఇప్పుడు మీ ఆయన అనుకున్నంత రాదు.

ప్రశ్న: మా పర్లాకిమిడి ఇంట్లో రవివర్మ లక్ష్మి, సరస్వతి పటాలున్నాయి. అవీ మెజోటింట్లేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కావు. అవి రాయి మీంచి తీసిన రంగు లిథోలు. ఆయన ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అయితేనేం, అవీ దాచుకోదగ్గవే.

ప్రశ్న: నా దగ్గరున్న పాత ఇంగ్లీషు ప్రింట్లు లండన్‌లో ఉన్న మా అబ్బాయికి పంపితే అక్కడ అమ్మిపెడతానంటున్నాడు. కొరియర్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: అక్కడే చెక్కినవైనా సరే, వందేళ్ళు దాటిన కళావస్తువును దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం మామూలు మనుషులకు ఒప్పుకోదు. మీ అబ్బాయికి ఫోటోలు పంపండి, ప్రింట్లు బీరువాలోనే ఉంచండి.